రెండు ముగింపులూ తీసెయ్యమ్మా

అమ్మాయికి,

నీ కథ అందింది, రెండు ముగింపులతో సహా. పలమనేరు పక్క పల్లెలో డెంగ్యూ జ్వరం వచ్చిన ఆరేళ్ళ పిల్లాడు, కొండకి మొక్కుకుని పసుపుగుడ్డలో ముడుపు కట్టిన తల్లి, ఊళ్ళో ఆరెంపీ దగ్గర మూడు రోజులు, అక్కణ్ణుంచి చిత్తూరుకి, చిత్తూరు నుంచి తిరుపతికి రెఫర్, ఆఖరికి పిల్లాడు దక్కకపోవడం. అంతవరకూ కథ నీదే, నీ చేతిలోనే ఉంది. ఆ తర్వాత మొదటి ముగింపులో ఒక స్వామీజీ వచ్చి, ఇది పూర్వజన్మ కర్మ తల్లీ, వాడికీ నీకూ రుణం తీరింది అంటే ఆమె కళ్ళు తుడుచుకుని శాంతిస్తుంది. రెండో ముగింపులో తండ్రి స్వామి పటాన్ని బావిలో పడేసి దేవుడే లేడని అరుస్తాడు. రెండిట్లో ఏది ఉంచమంటారని అడిగావు. రెండూ తీసెయ్.

ఎందుకంటావా, మొదటిది దేవుడు నిర్దోషి అని తీర్పు చెప్తుంది, రెండోది దేవుడు లేనేలేడని తీర్పు చెప్తుంది, రెండు తీర్పులకీ ఆ పిల్లాడు సాక్ష్యం కింద పనికొచ్చాడు అంతే. ఒకసారి నీ చివరి పేజీ తీసి చూడు, రెండు ముగింపుల్లోనూ వాడి పేరు ఒక్కసారి కూడా రాలేదు. మొదటి పేజీలో వాడికి ఉలవచారు ఇష్టమని, చెప్పులు ఎప్పుడూ తారుమారుగా వేసుకుంటాడని రాసిన అమ్మాయివి, ముగింపుకొచ్చేసరికి వాణ్ణి మర్చిపోయి దేవుడి మీద వాదనకి దిగావు.

వాదన వద్దని కాదు. అది చాలా పాత వాదన, దాని బలమేంటో తెలుసుకునే రాయాలి. గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పేరు మీద ఒక ప్రశ్న చెప్పుకుంటారు: చెడును ఆపాలని ఉండీ ఆపలేకపోతే దేవుడు సర్వశక్తిమంతుడు కాదు, ఆపగలిగీ ఆపాలని లేకపోతే దయ ఉన్నవాడు కాదు, శక్తీ దయా రెండూ ఉంటే మరి ఈ చెడు ఎక్కణ్ణుంచి వచ్చింది? మనవాళ్ళు కూడా ఈ ప్రశ్నని దాటేసి పోలేదు. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం మొదటి పాదం 34వ సూత్రం చూడు. అక్కడ దేవుడి మీద రెండు నేరాలు పేర్లతో సహా మోపారు, వైషమ్యం ఒకటి, నైర్ఘృణ్యం ఒకటి. కొందరికి సుఖం కొందరికి దుఃఖం ఇచ్చాడు కాబట్టి పక్షపాతి, ఇంత బాధ పెడుతున్నాడు కాబట్టి కనికరం లేనివాడు. ఆ సూత్రాలకి భాష్యం రాసిన శంకరులు ఆ ఆక్షేపణని తగ్గించి చెప్పలేదు, పూర్తి బలంతో చెప్పి ఆ తర్వాతే జవాబిచ్చారు. వాన అన్ని విత్తనాల మీదా ఒకేలా పడుతుంది, వరి వరిగా యవలు యవలుగా మొలవడానికి కారణం విత్తనంలో ఉంది, అలాగే ఈశ్వరుడు అందరికీ సమానమే, తేడా ప్రాణుల కర్మలో ఉంది అన్నారు. మరి సృష్టి మొదట్లో ఏ కర్మా లేదు కదా, అప్పుడు తేడా ఎలా వచ్చిందని వెంటనే తర్వాతి సూత్రంలో అడిగి, సంసారానికి అసలు మొదలే లేదని జవాబు చెప్పారు.

ఆ జవాబు నీకు సరిపోతుందా లేదా అన్నది నీ ఇష్టం. నా మట్టుకు నాకు, మొదలు లేదు అన్నచోట లెక్క కుదురుతుంది గానీ మనసు కుదురుకోదు. కానీ నువ్వు అక్కణ్ణుంచి నేర్చుకోవాల్సింది జవాబు కన్నా ఆ పద్ధతి. నీ స్వామీజీ మాట్లాడేటప్పుడు ఆ తల్లి ఒక్క ఎదురు ప్రశ్న కూడా వెయ్యదు. ఆరేళ్ళవాడు ఏం చేశాడు స్వామీ అని అడగని తల్లి ఉంటుందా మన పల్లెల్లో? ఆమె నోరు నువ్వే మూసేశావు. అలాగే నీ తండ్రి పటం బావిలో వేసినప్పుడు, నిన్నటిదాకా ఆ పటానికే దణ్ణం పెట్టిన ఆమె ఏమందో, వాకిట్లో కూర్చున్న ముసిలి అవ్వ ఏమందో లేదు. ఏ పక్షం గెలవాలో ముందే అనుకుని రాసినప్పుడు అవతలి పక్షానికి నోరుండదు.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం చెప్తాను. ఆరెంపీ దగ్గర మూడు రోజులు పోయాయని ఒక వాక్యం, అంబులెన్సు ఆలస్యమైందని ఒక వాక్యం, చిత్తూరులో బెడ్ లేదన్నారని ఇంకో వాక్యం. మూడు వాక్యాల్లో దాటేశావు. ఆ తర్వాత కర్మ మీద మూడు పేజీలు! అమ్మా, చిత్తూరు నుంచి తిరుపతికి డెబ్బై కిలోమీటర్ల దారి. ఒళ్ళో పిల్లాడు కాలిపోతూ ఉంటే, పాకాల దాటామా, చంద్రగిరి వచ్చిందా అని ఆమె కిటికీలోంచి బోర్డులు చూసుకుంటూ పోయిన దారి అది. నీ కథ మొత్తం ఆ దారిలోనే ఉంది. ఇంటి వెనక నీళ్ళ తొట్టిలో దోమలెందుకు పెరిగాయి, పంచాయతీవాళ్ళు మందు ఎప్పుడు కొట్టారు, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఎవరు ఎప్పుడు గమనించారు, వీటిలో ఏదీ దేవుడి పని కాదు. మనుషుల చేతుల్లో ఉన్న పనులు. వాటిని కర్మ ఖాతాలో వేస్తే, జవాబు చెప్పాల్సిన మనుషులందరూ హాయిగా తప్పుకుంటారు. దేవుడే లేడని అరిచినా తప్పుకుంటారు, అది గుర్తుపెట్టుకో. ఇద్దరు వాదించుకునేది పైనున్నవాడి గురించే అయితే కిందున్నవాళ్ళని అడిగేదెవరు?

తిరుపతిలోనే జరిగిన సంగతి నీకు తెలుసు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. స్వామి సన్నిధికి వచ్చి పోయారు, ఎంత పుణ్యమో అనేవాళ్ళు ఇలాంటప్పుడు ఎప్పుడూ ఉంటారు, దేవుడుంటే ఇలా జరుగుతుందా అనేవాళ్ళూ ఉంటారు. అంత జనాన్ని ఎలా నిలబెట్టాలి, గేటు ఎప్పుడు తియ్యాలి అన్నది మనుషులు చూసుకోవాల్సిన పని. దాన్ని ఆయన మీదికి తోసెయ్యడం భక్తీ కాదు, నాస్తికత్వమూ కాదు, బాధ్యత ఎగ్గొట్టడం.

అందుకే దేవుణ్ణి ప్రశ్నించే ముందు మనుషులు చెయ్యగలిగినవన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టు. దోమ తీసెయ్, ఆలస్యం తీసెయ్, బెడ్డూ డాక్టరూ అన్నీ సమయానికి దొరికాయనుకో. అయినా పోయే పిల్లలు కొందరుంటారు, ఏ మనిషి తప్పూ లేకుండా. అక్కడ మిగులుతుందే, ఆ ప్రశ్న ఒక్కటీ నిజంగా ఆయనది. అది చాలా పెద్ద ప్రశ్న, దానికి నా దగ్గర జవాబు లేదు, ఉందన్నవాళ్ళ మాట నాకు నమ్మకం కుదరదు.

పోతన గజేంద్రమోక్షం చిన్నప్పుడు బట్టీ పట్టే ఉంటావు. ఇప్పుడు రచయితగా చదువు, కథ నడిచిన వరస చూడు. మొసలి పట్టు వదలదు, వేయేళ్ళ పోరు అయింది, ఒంట్లో సత్తువ లేదు, అప్పుడు ఏనుగు అడుగుతుంది, దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని. తెలుగులో ఇంతకన్నా సూటిగా దేవుణ్ణి శంకించిన వాక్యం నాకు కనపడలేదు, రాసింది పరమభక్తుడు! అలా అన్నందుకు స్వామి కోప్పడలేదు, చక్రం వచ్చింది. ఆ ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడని, అగస్త్యుడి శాపమని, మొసలి హూహూ అనే గంధర్వుడని, దేవలుడి శాపమని మనకెప్పుడు తెలుస్తుంది? విడిపించడం అయ్యాక. అది చెప్పేది శుకుడు, వినేది పరీక్షిత్తు. కాలు మొసలి నోట్లో ఉండగా ఎవరూ గట్టు మీద నిలబడి, ఇది నీ శాపఫలం నాయనా అని ఆ ఏనుగుకి చెప్పలేదు. నీ స్వామీజీ సరిగ్గా ఆ పనే చేశాడు.

కర్మ సిద్ధాంతం మీద నాకు ద్వేషం లేదు. తన కష్టానికి తనే, ఏ జన్మలో ఏం చేశానో అనుకుని దిగమింగుకునే మనిషిని నేను తప్పుపట్టను, అది ఆ మనిషి హక్కు, చాలామంది దాన్ని పట్టుకునే గట్టెక్కారు. ఎదుటివాళ్ళ కష్టానికి మనం ఆ మాట చెప్పడం వేరు. ఎంత మంచి మనసుతో చెప్పినా వేరే. 1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వచ్చి వేలమంది పోయినప్పుడు, ఇది అంటరానితనమనే పాపానికి శిక్ష అన్నారు గాంధీగారు. ఆయన ఉద్దేశం మంచిది, అంటరానితనం పోవాలన్నది. అయినా టాగూర్ ఒప్పుకోలేదు, ప్రకృతిలో జరిగే ఉత్పాతాన్ని మనుషుల పాపపుణ్యాలకి ముడిపెట్టడం తప్పని బహిరంగంగా రాశారు, గాంధీగారు ఆ ఆక్షేపణని తన పత్రికలోనే అచ్చువేశారు. ఆ మట్టి కింద పోయినవాళ్ళలో అంటరానితనాన్ని భరించినవాళ్ళు లేరా? వాళ్ళకి ఏ పాపానికి శిక్ష? గాంధీ అంతటివాడు అన్నప్పుడే ఆ మాట నిలబడకపోతే, నీ కథ చివర్లో వచ్చిపోయే స్వామీజీ నోట ఎలా నిలబడుతుంది?

రెండో ముగింపు గురించీ ఇంత గట్టిగానే చెప్తున్నాను. పటం బావిలో వేసే తండ్రులుంటారు, ఆ కోపం నిజమైనదే. నీ తండ్రి మాత్రం కోపంతో వెయ్యలేదు, పాఠకుడు చూస్తున్నాడని వేశాడు. అంతకుముందు పన్నెండు పేజీల్లో అతను దేవుడి గురించి ఒక్క మాట అనలేదు. అతని మీద నీకంత శ్రద్ధ ఉంటే మొదటినుంచీ రాసుండాల్సింది.

వివరణ ఒప్పుకోవడం, దేవుణ్ణి వదిలెయ్యడం, ఈ రెండు దారులే ఉన్నాయని అనుకుంటున్నావు నువ్వు. మన దగ్గరే మూడో దారి నడిచిన మనిషి ఉంది, తరిగొండ వెంగమాంబ. 1730లో పుట్టింది, చిన్నతనంలోనే భర్త పోయాడు. అలాంటి ఆడపిల్లకి ఆ కాలంలో ఊరంతా చెప్పే మాట ఒక్కటే కదా, నీ ఖర్మ అని. గుండు చేయించుకోమన్నా, బొట్టు చెరిపేసుకోమన్నా ఆమె వినలేదని, నా భర్త వెంకటేశ్వరుడే అందని మనవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. లోకం ఇచ్చిన వివరణని కాదంది, దేవుణ్ణి మాత్రం ఇంకా గట్టిగా పట్టుకుంది. కొండెక్కింది, కావ్యాలు రాసింది, ఇవాళ తిరుమలలో అన్నప్రసాదం పెట్టే పెద్ద భవనానికి ఆమె పేరే. నీ కథలో తల్లి వెంగమాంబ కానక్కర్లేదు, కానీ ఆమెకి కూడా అలాంటి పట్టుదల ఉండొచ్చని ఒక్కసారి ఆలోచించు. స్వామీ, వాళ్ళు చెప్పింది నేను నమ్మను, నువ్వే చెప్పు అని అడిగే తల్లి ఏమవుతుందో నాకు చదవాలని ఉంది.

ఒక జాగ్రత్త. మన పురాణాల్లో పోయింది తిరిగొస్తుంది. కాణిపాకం వెళ్ళినప్పుడు బాహుదా నది కథ వినే ఉంటావు, ఆకలికి మామిడిపండు కోసుకు తిన్నాడని లిఖితుడి రెండు చేతులూ నరికిస్తాడు రాజు, ఆ నీళ్ళలో మునిగితే చేతులు మళ్ళీ వస్తాయి. ఒక్క పండుకి రెండు చేతులా అని అడిగే లోపే చేతులు వచ్చేస్తాయి కాబట్టి వినేవాళ్ళు ఊరుకుంటారు. నీ కథలో పిల్లాడు తిరిగి రాడు. అలాంటి కథకి పురాణం నుంచి ఓదార్పు తెచ్చి అతికించకు, అతకదు.

చివర్లో అడిగావు, మీరు నమ్ముతారా సార్ అని. నమ్ముతాను. వైష్ణవాచార్యులు వేదాంతదేశికులు దయాశతకం మొదలుపెడుతూ, శ్రీనివాసుడి దయ చెరకురసంలా పారి పారి చక్కెరలా గడ్డకట్టి ఈ కొండ అయిందంటారు. గానుగలూ బెల్లం వాసనా తెలిసిన చిత్తూరు జిల్లావాడికి ఆ శ్లోకం ఎంత దగ్గరగా అనిపిస్తుందో నీకు చెప్పక్కర్లేదు. నేను ఆ మాటని నమ్ముతాను, కింద ఆసుపత్రి వరండాలో కటిక నేల మీద పడుకున్న తల్లుల్ని కూడా చూస్తాను, ఈ రెండూ ఒకేచోట ఎలా ఉన్నాయో నాకు అర్థం కాదు. అర్థం అయినట్టు ఇంతవరకూ ఒక్క కథ కూడా రాయలేదు, రాయను కూడా.

ఇక నీ ముగింపు. రెండో పేజీలో ఆమె దేవుడి గూట్లో పసుపుగుడ్డలో నూటపదహార్లు ముడుపు కట్టింది కదా. తర్వాత పద్నాలుగు పేజీల్లో దాని ఊసే లేదు. పిల్లాడు పోయాక ఆ ముడుపు ఏమైంది? మొక్కు తీరలేదు కాబట్టి విప్పేసిందా, స్వామి సొమ్ము మనకెందుకని కొండకెళ్ళి హుండీలో వేసిందా, అంబులెన్సువాడికి తక్కువ పడితే మొగుడే ఎప్పుడో విప్పి ఇచ్చేసి ఆమెకి చెప్పలేదా? మా వీధిలో అడుగు, మీ ఊళ్ళో అడుగు, ఒక్కొక్కరూ ఒక్కొక్క మాట చెప్తారు. నీ కథలో ఆమె ఏం చేస్తుందో నువ్వే తేల్చుకో, స్వామీజీని, బావిని తీసేసి, చిత్తూరు నుంచి తిరుపతి దాకా ఆ ప్రయాణం పూర్తిగా రాసి, అప్పుడు పంపు. ఈ నెలాఖరు దాకా ఊళ్ళోనే ఉంటాను.