పేపర్ల లెక్క పక్కన పెట్టు

చి. మాధవికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ మీద అభిమానంతో, రెండోసారి ఎర్ర పెన్నుతో. అమెరికా సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టోమెల్ గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. కానీ అమ్మాయ్, మొదటి రెండు పేజీలూ పెళ్లి సంబంధానికి పంపే బయోడేటాలా ఉన్నాయి. ఎన్ని పరిశోధనా పేపర్లు, ఏయే పతకాలు, ఏయే అకాడమీలు. ఆ తర్వాత 'సముద్ర విజ్ఞానాన్నే మలుపు తిప్పాడు' అని ఒక వాక్యం. ఎటు నుంచి ఎటు తిప్పాడో ఎక్కడా లేదు.

జాబితా కొట్టేసి, 1948 నాటి ఒక్క పేపరు పట్టుకో. మొత్తం ఐదు పేజీలు. రాసినప్పుడు ఆయనకు ఇంకా 28 నిండలేదు, పీహెచ్‌డీ లేదు, తర్వాత కూడా చేయలేదు. ప్రశ్న చిన్నపిల్లలు అడిగేలాంటిదే. అమెరికా తీరాన గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం సన్నగా, ఉరవడిగా పారుతుంది. అదే అట్లాంటిక్‌లో అవతల, యూరప్ ఆఫ్రికాల వైపు, ప్రవాహం వెడల్పుగా, మందకొడిగా ఉంటుంది. జపాన్ పక్కన కురోషియో ప్రవాహానిదీ ఇదే తీరు. సముద్రానికి పడమటి గట్టు మీద అంత మోజెందుకు?

స్టోమెల్ ఏం చేశాడో దగ్గరగా చూపించు. కాగితం మీద దీర్ఘచతురస్రపు సముద్రం ఒకటి గీశాడు. పొడవు 10,000 కిలోమీటర్లు, వెడల్పు 6,000 పైచిలుకు, లోతు 200 మీటర్లే. దీవుల్లేవు, అడుగున కొండల్లేవు. దక్షిణాన గాలి పడమటికి, ఉత్తరాన తూర్పుకి. మొదట భూమి తిరగడం లేదనుకున్నాడు. గాలికి నీరు తిరిగే సుడి సరిగ్గా నడిమధ్యన వచ్చింది. తర్వాత భూమి తిరుగుతోంది, ఆ ప్రభావం అంతటా ఒకే మోతాదులో ఉందనుకున్నాడు. సుడి కదల్లేదు. మూడోసారి, ఆ ప్రభావం ఉత్తరానికి పోయేకొద్దీ పెరుగుతుందని లెక్కలో కలిపాడు. ప్రవాహాన్ని చూపే గీతలన్నీ పడమటి అంచుకి వెళ్లి ఒత్తుకుపోయాయి! ఈ మూడు బొమ్మలూ పాఠకుడి చేత మనసులో గీయించగలిగితే నీ వ్యాసం సగం అయిపోయినట్టే. 1950లో మరో సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ అసలు గాలుల లెక్కలు తెచ్చి దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు, దానికి ఒక్క వాక్యం చాలు.

నీకు ఇంకో సంగతి తట్టలేదేమని ఆశ్చర్యపోయాను. కాకినాడ దేశానికి తూర్పు తీరం, కానీ బంగాళాఖాతం వైపు నుంచి చూస్తే పడమటి గట్టు. ఫిబ్రవరి మొదలుకొని ఎండాకాలం దాకా మన తీరం వెంట ఉత్తరానికి పారే ప్రవాహం గల్ఫ్ స్ట్రీమ్‌కి చుట్టమే. అయితే చుట్టరికం మరీ సాగదీయకు. ఇక్కడ రుతుపవనాలతో పాటు ప్రవాహమూ తిరగబడి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పోతుంది.

1956 నాటి ఉప్పు ఫౌంటెన్ ముచ్చట నువ్వు అసలు ముట్టుకోలేదు. పైన వెచ్చటి ఉప్పునీరు, కింద అంత ఉప్పులేని చల్లటి నీరు ఉన్నచోట పొడవాటి గొట్టం దించి, అడుగు నీటిని ఒక్కసారి పైకి లాగితే చాలు, ఆ తర్వాత దానంతటదే వస్తూనే ఉంటుందన్నారు స్టోమెల్, ఇంకో ఇద్దరూ. గొట్టం గోడలోంచి వేడి లోపలికి వస్తుంది, ఉప్పు రాదు. అందుకే లోపలి నీరు తేలికపడి పైకి లేస్తుంది. వాళ్లే దీన్నొక వింతగా అచ్చేశారు. 1960లో మెల్విన్ స్టెర్న్ అసలు గొట్టమే అక్కర్లేదని తేల్చాడు. నీటిలో ఉప్పు కంటే వేడి సుమారు వంద రెట్లు త్వరగా వ్యాపిస్తుంది కాబట్టి ఉప్పునీరు సన్నటి వేళ్లలా తనంతట తానే కిందికి దిగుతుంది. ఆ వేళ్ల మీద ఒక పరిశోధనా రంగమే లేచింది.

నేను వంటింట్లో చేసి చూశాను. మొదటిసారి ఉప్పు ఎక్కువేశాను, సిరా కలిపిన నీళ్లు బుడుంగున అడుక్కి పోయాయి. మీ అత్తయ్య నవ్వింది. రెండోసారి చిటికెడు ఉప్పు, బాగా వేడినీళ్లు, గరిటె వీపు మీదుగా చల్లటి నీళ్ల పైకి మెల్లగా వంచాను. కాసేపటికి నీలం దారాలు దిగడం మొదలైంది. అది చూశాకే నాకు ఆ పేరా రాయడం వచ్చింది.

1961 పేపరును నువ్వు ఒక్క లైనులో దాటేశావు. గొట్టాలతో కలిపిన రెండు పాత్రలు. నీటిని వేడి ఒకవైపు నడిపిస్తే, ఉప్పు ఎదురు లాగుతుంది. బయటి పరిస్థితులు అవే ఉన్నా ప్రవాహం రెండు రకాలుగా స్థిరపడగలదు. ఇరవై ఏళ్ల పాటు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అట్లాంటిక్ లోతు ప్రవాహం ఆగిపోవచ్చేమో అన్న అనుమానం 1980లలో మొదలయ్యాక అందరూ వెనక్కి వెళ్లి దాన్ని తీశారు. ఏ ఏటి సైటేషన్లు, అంటే ఇతరులు తమ పేపర్లలో దీన్ని ఎన్నిసార్లు ప్రస్తావించారో, లెక్కపెట్టుకుని దీని విలువ కడతావు చెప్పు?

చివరగా నీ జాబితాలో లేనిది ఒకటి, ఎందుకంటే అది పేపరు కాదు. 1954లో బెర్ముడా దగ్గర ఒకేచోటికి మళ్లీ మళ్లీ పడవ పంపి, పైనుంచి లోతు దాకా నీటి వేడి, ఉప్పు కొలిపించడం మొదలుపెట్టాడు స్టోమెల్. రెండు వారాలకోసారి. ఆయన 1992లో పోయాడు, ఆ కొలతలు ఆగలేదు. నీ వ్యాసం అక్కడ, ఆ పడవ మీద మొదలుపెట్టి చూడు.

ఆదివారం విశాఖ వస్తానన్నావుగా. పాత ప్రతి తేవద్దు. సన్న ఉప్పు ప్యాకెట్ ఒకటి పట్టుకురా, సిరా నా దగ్గరుంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య