కెమెరా బీరువా దాటాలంటే

ఫొటోగ్రఫీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాలుగేళ్ల కిందట డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను. మొదట్లో ప్రతి ఆదివారం ఆర్కే బీచ్‌కి వెళ్లేవాణ్ణి. ఇప్పుడు ఎనిమిది నెలలైంది, బ్యాగు జిప్పు కూడా తీయలేదు. హార్డ్‌డిస్క్‌లో 18,000 ఫొటోలు ఉన్నాయి, తెరవాలంటేనే నీరసం. కొత్త లెన్స్ కొంటే ఆసక్తి తిరిగి వస్తుందా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: లెన్స్ మాట కొన్నాళ్లు పక్కన పెట్టండి. కొత్త లెన్స్ ఇచ్చే హుషారు కొద్ది వారాలే. ఆ తర్వాత మళ్లీ అదే బీచ్, అదే సూర్యోదయం. ఆసక్తి పోవడానికి కారణాలు మీ ఉత్తరంలోనే కనిపిస్తున్నాయి. చూడకుండా పోగుపడిన ఫొటోలు ఒకటి, ఎప్పుడూ ఒకే చోటికి వెళ్లడం రెండోది.

ముందు ఆ 18,000 సంగతి. ఉంచాలా వద్దా అని తేల్చడానికి ఒక్కో ఫొటోకి 3 సెకన్లు చాలు. రోజుకు 20 నిమిషాలు కూర్చుంటే 400 అవుతాయి. 45 రోజుల్లో మొత్తం పూర్తి. చివరగా తీసిన వాటితో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. తొలినాళ్ల ఫొటోల మీద మమకారం ఎక్కువ, వాటితో మొదలుపెడితే ఏదీ తీసేయబుద్ధి కాదు. నచ్చినదానికి ఒక స్టార్ పెట్టి ముందుకు సాగండి. రంగులు దిద్దడం, క్రాప్ చేయడం ఆ 20 నిమిషాల్లో అసలు వద్దు. చాలామంది మొదటి వారంలోనే చేతులెత్తేసేది ఇక్కడే: ఏరుతూ ఏరుతూ ఒక ఫొటో దగ్గర ఆగి దిద్దడం మొదలుపెడతారు, గంట గడిచిపోతుంది, మర్నాడు కూర్చోబుద్ధి కాదు. ఇప్పుడే ఏదీ డిలీట్ చేయకండి. 24 మెగాపిక్సెళ్ల రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచే ఫొటో) సుమారు 25 ఎంబీ ఉంటుందనుకుంటే అన్నీ కలిపి 450 జీబీ. 1 టీబీ డిస్కులో రెండో కాపీ పెట్టుకోవచ్చు.

ఇక బీచ్. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి మే నెలలో సూర్యుడు ఐదున్నరకు ముందే పైకి వస్తాడు. డిసెంబరు చివర్లో అయితే ఆరున్నర కావస్తుంది. వేసవిలో గాజువాక నుంచి బయల్దేరి ఆరుంపావుకి చేరితే మెత్తటి వెలుతురు దాదాపు అయిపోయి ఉంటుంది. ఆకాశం తెల్లగా పాలిపోతుంది, మనుషుల మొహాలు నల్లబడతాయి. అలా నాలుగు ఆదివారాలు జరిగితే ఎవరికైనా విసుగు పుడుతుంది. దాన్ని మీ చేతకానితనంగా లెక్కేసుకోకండి. ఈసారి వెళ్తే సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. అదే వెలుతురు బీచ్ రోడ్డు మీద, ఇసుకలో మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామి మీద, టీ బండ్ల దగ్గరి మనుషుల మీద నేరుగా పడుతూ ఉంటుంది. అందరూ సూర్యుణ్ణి తీస్తున్నప్పుడు సూర్యుడు దేన్ని తాకుతున్నాడో చూడటం మంచి అలవాటు.

అయితే మొదటి నెల బీచ్‌కి వెళ్లనక్కర్లేదు. మీ ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్న ఒక్క వీధి ఎంచుకోండి. బుధవారం, ఆదివారం అరగంట చొప్పున వెళ్లండి. రోజూ ఒక ఫొటో అని నియమం పెట్టుకుంటే, ఒక్క రోజు తప్పగానే మొత్తం ఆపేసే ప్రమాదం ఉంది. వారానికి రెండు రోజులకు ఆ ఇబ్బంది లేదు. కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ జూమ్‌ని 35 ఎంఎం దగ్గర ఉంచి, జారకుండా చిన్న టేపు ముక్క అంటించండి. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మనం పెట్టి మిగతాది కెమెరాకి వదిలే అపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో ఎఫ్8, ఆటో ఐఎస్ఓకి (వెలుతురును పట్టే సున్నితత్వానికి) గరిష్ఠం 3200, కనీస షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు. సాయంత్రం వెలుతురు తగ్గితే, రంధ్రం ఇంకాస్త తెరుచుకునే ఎఫ్5.6కి రండి. తీసిన ఫొటో తెరమీద కనిపించే ఇమేజ్ రివ్యూ ఆపేయండి. రోజుకు 36 ఫొటోలే, పాత ఫిల్మ్ రోలు లెక్క. ఇన్ని కట్టడి చేయడానికి కారణం ఉంది: మీటలతో, తెరతో పని లేనప్పుడే కళ్లు వీధి మీద నిలుస్తాయి.

మూడో నాలుగో రోజుకి ఫొటోలు మరీ చప్పగా వస్తాయి. కంగారు పడకండి. కంటికి తేలిగ్గా దొరికేవి మొదటి రెండు రోజుల్లో అయిపోతాయి. తర్వాతే గోడమీది నీడ, దుకాణం షట్టరు సగం ఎత్తే మనిషి, గొడుగు పట్టుకునే తీరు కనపడటం మొదలవుతుంది. ఆ ఫొటోలను రెండు వారాలు కంప్యూటర్‌లోకి ఎక్కించకండి. తీసినప్పటి శ్రమ మరిచిపోయాక చూస్తే ఏది బాగుందో తేలిగ్గా తెలుస్తుంది.

నెల గడిచాక మొదలూ చివరా ఉన్న పని పెట్టుకోండి. మన ఊళ్లో దానికి మంచి అవకాశం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. మరపడవలు రేవులోనే ఉంటాయి. ఆ రోజుల్లో వలలు బాగు చేస్తారు, పడవలకు రంగులు వేస్తారు, ఇంజన్లు విప్పుతారు. ఫిషింగ్ హార్బర్‌లో గానీ పెద్ద జాలరిపేటలో గానీ ఒక్క పడవనే ఎంచుకుని, వారానికి ఒకసారి చొప్పున తొమ్మిదిసార్లు వెళ్లండి. మొదటిసారి కెమెరా తీయకుండా మాట్లాడి రండి. “అన్నా, వల కడుతుంటే ఫొటో తీసుకోవచ్చా?” అని అడిగితే చాలా వరకు కాదనరు. కాదంటే వదిలేయండి. రెండోసారి తీసిన వాటిలో ఒకటి రెండు 4×6 అంగుళాల ప్రింట్లు వేయించి మూడోసారి ఇవ్వండి. ఆ తర్వాత వాళ్లే పిలుస్తారు. నేవీ, పోర్టు, స్టీల్‌ప్లాంటు హద్దుల వైపు మాత్రం అనుమతి లేకుండా కెమెరా తిప్పకండి.

ఇంకొక్క మాట. ఫొటోలే కాక తిండి, నిద్ర, స్నేహితులు, దేనిమీదా మనసు లేకుండా రెండు వారాలు దాటితే అది కెమెరాకి సంబంధించిన సమస్య కాదు. డాక్టరుతో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరు కూడా ఉంది, డబ్బు కట్టనక్కర్లేదు.

ప్రశ్న: ఎంత కష్టపడి తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినా పదిహేను ఇరవై లైకులు దాటవు. తీయడం దండగ అనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: మూడు నెలలు ఏదీ పెట్టకుండా తీసి చూడండి. వేలెడంత తెరమీద, రెప్పపాటులో దాటిపోయే చోట గట్టి రంగులు, పెద్ద మొహాలే నిలుస్తాయి. నెమ్మదిగా చూడాల్సిన ఫొటో అక్కడ నిలవదు, అంతమాత్రాన అది చెడ్డది కాదు. 30 ఫొటోలు 4×6 ప్రింట్లు వేయించండి. ఆ సైజుకి 1200×1800 పిక్సెళ్లు చాలు కాబట్టి ఫోన్‌తో తీసినవైనా పనికొస్తాయి. నేలమీద పరిచి, వారం రోజులు వరుస మారుస్తూ 12కి తగ్గించండి. ఏది తీసేయాలో తేల్చుకోలేక మీరు పడే ఆ ఇబ్బందే మీ అభిరుచి ఏమిటో చెబుతుంది. ఆ పన్నెండూ ఇద్దరికి చూపించండి. “బాగున్నాయా?” అని కాకుండా “ఏ రెండు తీసేయమంటారు?” అని అడగండి.

ప్రశ్న: ఏడాది తర్వాత కెమెరా తీశాను. వెలుతురుకి ఎదురుగా తీసినవన్నీ పొగపట్టినట్టు వస్తున్నాయి. తీయడం మరిచిపోయానా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: మరిచిపోలేదు. లెన్స్‌లో బూజు (ఫంగస్) పట్టి ఉండవచ్చు. సముద్రపు గాలి తేమ, బీరువా చీకటి, కదలని గాలి, ఈ మూడూ కలిస్తే దానికి పండగే. లెన్స్‌ని కెమెరా నుంచి వేరుచేసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి ముందునుంచి చూడండి. విడివిడి చుక్కలైతే దుమ్ము, దాంతో నష్టం లేదు. సాలెగూడులా కొమ్మలు చాచిన దారాలైతే బూజు. గాజు బయటివైపు ఉంటే క్లీనింగ్ ద్రవంలో తడిపిన లెన్స్ బట్టతో మెల్లగా తుడవచ్చు. లోపల ఉంటే మెకానిక్ విప్పాల్సిందే. ఆలస్యం చేస్తే పైపూతను తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. బూజు చస్తుందని ఎండలో పెట్టకండి. మచ్చ పోకపోగా, వేడికి లోపలి నూనె కరిగి అపర్చర్ రెక్కల మీదికి పాకవచ్చు.

ఇకమీదట బ్యాగులో దాచొద్దు, ఆ గుడ్డ, తోలు తేమ పట్టి ఉంచుతాయి. రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బాలో తేమను పీల్చి రంగు మారే సిలికా జెల్ పావుకిలో, చిన్న తేమ మీటరు పెట్టండి. మీటరు 40, 50 శాతం మధ్య చూపాలి. రంగు మారితే జెల్ ఆరబెట్టాలి లేదా మార్చాలి. నీలం రంగు రకంలో కోబాల్ట్ ఉంటుంది, దాన్ని వంటగిన్నెల్లో వేడి చేయకండి. నారింజ రంగుది తీసుకోండి. బ్యాటరీ సగం చార్జితో, కెమెరా నుంచి బయట ఉంచండి. ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి తీసుకెళ్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. బయల్దేరే అరగంట ముందే కెమెరాను జిప్ కవరులో వేసి వరండాలో ఉంచండి. ఇంటికి వచ్చాక, తడిపి గట్టిగా పిండిన బట్టతో పైభాగం ఒకసారి తుడిచి, పొడిబట్టతో ఆర్చి, ఆ తర్వాతే డబ్బాలో పెట్టండి.