నీ సినిమాల హీరోను తీసెయ్

బిడ్డా,

నువ్వు పంపిన సమ్మర్ క్యాంపు కథ చదివిన. నవ్వొచ్చింది, కానీ హీరో ఉన్నకాడ రాలే. ఆయన క్యాంపుకొచ్చి అందర్ని బాగుచేసుడు మొదలువెట్టినప్పటి సంది నాకు ఆవులింతలే. గుంపు కామెడీల అందరూ సగం సగం తిక్కలోళ్లే ఉండాలె. ఒక్కడు తెలివిమంతుడైతే మిగిలినోళ్లు వాని ముంగట జోకర్లయిపోతరు. తీసెయ్.

పదిరోజుల కథను ఆఖరి రోజుకు కుదించు. 2001ల అమెరికాల వచ్చిన ‘వెట్ హాట్ అమెరికన్ సమ్మర్’ గట్లనే 1981 నాటి క్యాంపు చివరి రోజు మీద నడుస్తది. మీసాలొచ్చి ఏండ్లయినోళ్లు పదహారేండ్ల పోరగాళ్ల లెక్క చేస్తరు, దాని గురించి ఎవ్వరూ ఒక్క మాట అనరు. అననందుకే నవ్వు. థియేటర్లల్ల ఆడలేదు గానీ తర్వాత ఇండ్లల్ల చూసినోళ్లు నెత్తిన వెట్టుకున్నరు. 2015ల చాలామంది పాత నటులతోనే సిరీస్ తీసిన్రు, అదీ ఆ క్యాంపు మొదటి రోజు కథ! అయితే అచ్చు దించకు. వాళ్ల వంటింట్ల కూరగాయల డబ్బా మాట్లాడితే చెల్లింది. మన హాస్టల్ల పప్పుచారు గంజు మాట్లాడితే జనం లేచిపోతరు.

మన దగ్గర తిక్క వేరే తీరుగుంటది. నీ పీఈటీ సారు నాగార్జునసాగర్‌ల ఈత క్యాంపు ఇంచార్జి, ఆయనకేమో ఈత రాదు. గసొంటి పాత్రను చివర్ల బయటపెట్టి ఏడిపించినవ్. ఎందుకు? పిల్లలందరికీ మొదటి సీన్లనే తెల్వాలె, సారు పరువు వాళ్లే కాపాడుతుండాలె. పెద్దసారు జీపు కనవడంగనే ఒకడు బకెట్ నీళ్లు ఈయన నెత్తిన గుమ్మరియ్యాలె. ఈయన మొకం తుడుసుకుంట, “నీళ్లు జర సల్లగున్నయి సార్” అనాలె. గంతే. కింద మ్యూజిక్ వెయ్యకు.

ఒక్కొక్కరికి మాపటిలోపట ఒక చిన్న పని తీరాలె. వంటామెకు మిర్యాలగూడ బస్సందాలె, ఆడబిడ్డ కొడుకు పెండ్లి. ఆమె తొందరవడి అన్నం ముందే దించితే ఈత క్లాసు ఎగిరిపోవాలె, సారు పానం లేచిరావాలె. గట్ల ఒకరి తొందర ఇంకొకరికి తగలకుంటే అది స్కిట్ల కట్ట, సినిమా కాదు. ఒగ్గు కథల జూస్తవు గదా, కథ చెప్పేటాయనకు పక్కోడు అడ్డం తగిలినప్పుడే జనం కిలకిలమంటరు. నీ డైలాగులల్ల ఒకరు ముగించినంకనే ఇంకొకరు మొదలువెడుతున్నరు. కోర్టుల సాక్ష్యం లెక్కున్నది.

ఇగ షూటింగ్. దసరా సెలవులల్ల తీస్తనన్నవు, అప్పుడు గుట్టలన్ని పచ్చగుంటయి, ఎండకాలమంటే ఎవరూ నమ్మరు. ఏప్రిల్ చివర్ల వెట్టుకో. అప్పటికి సాగర్ నీళ్లు 590 అడుగుల నిండు మట్టానికి మస్తు కిందికి దిగి, ఒడ్డు రాళ్లు బయటపడుతయి. బాగుంటది. పొద్దుగాల పదింటి దాకా, మళ్ల నాలుగు దాటినంక తియ్యి. నడుమ నల్లగొండ ఎండల కెమెరా గూడ మొండికేస్తది.

పిల్లల ముచ్చట మాత్రం నవ్వులాట కాదు. పద్నాలుగేండ్లలోపు పిల్లలతోని తియ్యాలంటే ముందుగాల జిల్లా కలెక్టర్ అనుమతి తీసుకోవాలె. రోజుకు ఐదు గంటలు మించొద్దు, మూడు గంటలకొకసారి ఇరాం ఇయ్యాలె. ఐదుగురు పిల్లలకొక బాధ్యతగల మనిషి ఉండాలె, అంటే నీ పన్నెండు మందికి ముగ్గురు. వాళ్లకిచ్చే పైసలల్ల ఐదోవంతు పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలె. ఇవి 2017ల వచ్చిన రూల్స్. నీ బడ్జెట్ కాగితంల ఇందుల ఒక్కటీ లేదు, డ్రోన్‌కు మాత్రం మూడు రోజుల కిరాయి రాసినవు. డ్రోన్ కొట్టెయ్.

పోరగాళ్లకు డైలాగు కాగితాలు ఇయ్యకు. సీన్ చెప్పి ఆడుకోనియ్, ఏమన్నరో రాసుకో. మళ్ల రాసిన కథను ప్రింటు తీసి పంపు, ఫోన్ల నేను చదువలేను.

మీ చిన్నాయిన