వాడు నెమ్మదించాడని నిశ్చింతగా ఉండకు

చెల్లీ సుజాతా,

ఆసుపత్రి నుంచి కొత్తగా ఇంటికొచ్చిన మీ వాడి గురించి నిన్న ఫోన్లో "అక్కా, చెవుల్లో మాటలు తగ్గాయంటున్నాడు, గొడవ లేదు, తన మానాన తను గదిలో పడుకుంటున్నాడు, గండం గడిచినట్టే" అన్నావు. నీ గొంతులో ఆ తేలిక విని ఏమీ అనలేకపోయాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. మాట్లాడితే ఏడుపొస్తుందని వాట్సాప్‌లో రాసి పంపుతున్నాను.

మా తమ్ముడికీ ఇదే జబ్బు, స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినపడి, లేనిపోని అనుమానాలు పుట్టే మానసిక జబ్బు) అని తెలిసేనాటికి వాడికి 22 ఏళ్లు. అన్నంలో విషం కలిపారని కంచం తోసేసినప్పుడు మేం హడలిపోయాం. మందులు పట్టి నిమ్మళించగానే గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాం. కానీ బుర్ర తేటపడ్డాకే వాడికి తను పోగొట్టుకున్నవన్నీ కనపడ్డాయి. తోటివాళ్లు ఉద్యోగాల్లో చేరారు. "నేను పిచ్చోణ్ణి కదక్కా, ఇక నాకెవరు ఉద్యోగమిస్తారు" అన్నాడొకరోజు. "అలాంటి మాటలు అనకూడదు" అని నోరు మూయించాను.

వారం తిరక్కుండా తన వాచీ తీసి మా అబ్బాయి చేతికి పెట్టాడు. వదులై మోచేతిదాకా జారిపోతుంటే, "బెల్టుకు ఇంకో బెజ్జం వేయించుకోరా" అని బుగ్గ నిమిరాడు. మేనమామ ముద్దనుకుని మురిసిపోయాను. రాత్రి మీ బావగారు "ఉన్నట్టుండి వాచీ ఎందుకిచ్చేశాడు?" అనేసరికి నా కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. వెళ్లి పక్కన కూర్చుని, "చచ్చిపోవాలనిపిస్తోందా తమ్ముడూ?" అని అడిగేశాను. చాలాసేపు పలకలేదు. తరువాత తలూపి, నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు. తెల్లారగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

నువ్వూ అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకు, పుట్టదు. ఎవరూ అడగకపోతేనే లోపల కుళ్లిపోతారు. "చచ్చిపొమ్మని ఆ గొంతులు చెబుతున్నాయా" అని కూడా అడుగు. ఔనంటే తిట్టకు, ఒట్టు వేయించుకోకు, "నీకేం తక్కువ చేశాం" అనకు. విను. ఆ రోజే డాక్టరుకు చెప్పు, వాణ్ణి ఒంటరిగా వదలకు. మందులు నీ దగ్గర తాళంలో పెట్టి ఏ పూటవి ఆ పూటే ఇవ్వు. పొలానికి తెచ్చిన పురుగుమందు మిగిలుంటే ఇవాళే ఇంట్లోంచి పంపించెయ్యి. అర్ధరాత్రి తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఫోన్లతో పొద్దు పుచ్చకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఈ జబ్బున్న 100 మందిలో 5 మంది దాకా ఆత్మహత్యకు బలవుతున్నారట. ముప్పు ఎక్కువగా ఉండేది జబ్బు మొదలైన తొలి ఏళ్లలో, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో. అంటే మీ వాడున్నది ఆ రోజుల్లోనే. తక్కిన 95 మందినీ కూడా గుర్తుపెట్టుకో.

గదిలోంచి రాకపోవడం డిప్రెషన్ కావచ్చు, జబ్బు తెచ్చే స్తబ్ధత కావచ్చు, వేసుకునే మందుల వల్ల వచ్చే మత్తూ కావచ్చు. పైకి మూడూ ఒకేలా ఉంటాయి, మనం తేల్చలేం. నిద్ర, తిండి, వాడన్న మాటలు చీటీ మీద రాసి డాక్టరుకు చూపించు. కూర్చోలేక, నిలబడలేక అటూ ఇటూ తిరుగుతుంటే అదీ చెప్పు. కొన్ని మందులకు అలా అవుతుంది, ఆ బాధ భరించలేక చావే నయమనుకున్నవాళ్లున్నారు. డోసు మార్చి సరిచేస్తారు. నీ అంతట నువ్వు ఆపకు. మా తమ్ముడికి చివరికి క్లోజపిన్ పెట్టారు. ఈ జబ్బులో ఆత్మహత్య ముప్పును తగ్గిస్తుందని పేరున్న మందది. మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్షకు తిప్పాం. ఇప్పుడు వాడికి 46.

ఆత్మహత్యా ప్రయత్నమంటే పోలీసు కేసవుతుందని కొందరు ఆసుపత్రికే వెళ్లరు. అలా చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలనీ, శిక్షించకూడదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. పెళ్లి చేస్తే కుదురుకుంటాడనే వాళ్ల మాట మాత్రం ఇప్పుడు చెవిన పెట్టకు.

మంగళవారం చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు నేనూ వస్తాను. వాణ్ణి మాత్రం ఇవాళే అడుగు, అన్నాలయ్యాక, టీవీ కట్టేసి. ఏమన్నాడో ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

నీ అక్క