బడి మంచిదో కాదో ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మా పాప ఇంటి దగ్గరి మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. తోటి తల్లిదండ్రుల్లో కొందరు బడి బాగుందంటారు, కొందరు అసలు చదువే లేదంటారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ పాపనే అడగండి. రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించండి. ఒత్తుల దగ్గర ఆగిపోతోందా? 52 లోంచి 27 తీసివేయమనండి. తర్వాత నోటుపుస్తకం తిరగేయండి. తప్పు పక్కన టీచరు ఒప్పు రాశారా, ఊరికే టిక్కు పెట్టి వదిలేశారా? గుంటూరులో 30 ఏళ్లు చిన్న తరగతులకు పాఠాలు చెప్పినదాన్ని, నేనైతే గోడల రంగు కంటే ఆ ఎర్ర సిరానే నమ్ముతాను.

ఇక టీచర్ల సంఖ్య. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 మంది ఉంటే ముగ్గురు ఉండాలి. ఇద్దరే ఐదు తరగతులూ చూస్తుంటే వాళ్లను నిందించడం అన్యాయం. రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

అదే చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలంటుంది, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. సమావేశానికి తప్పక వెళ్లండి. మరుగుదొడ్డికి నీళ్లు లేకపోయినా, భోజనం బాగోకపోయినా అక్కడే అడిగి పుస్తకంలో రాయించండి.

పాప ఆ పేరా ఎలా చదివిందో నాకు మళ్లీ రాయండి.