స్థపతి తీర్చిన వాలు, కెమెరా తెచ్చిన వాలు

ప్రశ్న: మంగళగిరి దిగువ సన్నిధి గాలిగోపురాన్ని వీధిలో నిలబడి, ఫోనును అడ్డంగా పట్టుకుని ఫొటో తీశాను. గోపురంతోపాటు కొండ కూడా రావాలన్నది నా కోరిక. ఫొటోలో గోపురం వెనక్కి పడిపోతున్నట్టు, అటూ ఇటూ ఉన్న ఇళ్లు దాని మీదికి ఒరిగినట్టు వచ్చాయి. ఒక యాప్‌లో ఆటోమేటిక్ సవరణ నొక్కితే గోపురం అంచులు నిలువుగా లేచి పెట్టెలా తయారైంది, ఇళ్లేమో ఈసారి బయటికి ఒరిగాయి. పైగా కలశాలు ఫొటో అంచుకు తగిలాయి. స్టూడియోలో 12×18 అంగుళాల ప్రింటు వేయిస్తే అవి పూర్తిగా తెగిపోయాయి. ఏది ముందు సవరించాలి, ఎక్కడ కత్తిరించాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మొదట ఒక అనుమానం తీర్చాలి. ఇళ్లు ఒరిగి కనిపించడం మీ ఫోను లెన్సు లోపం కాదు. కెమెరా లోపలి సెన్సారు గోడకు సమాంతరంగా నిలిచినంతసేపు నిలువు గీతలన్నీ ఫొటోలోనూ నిలువుగానే ఉంటాయి. కలశాలు అందడం కోసం ఫోను తల పైకెత్తిన క్షణంలో ఆ సమాంతరం పోయి, గీతలన్నీ పైకి వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. దగ్గరగా నిలబడితే ఎక్కువ ఎత్తాలి, కాబట్టి ఒరుగు కూడా ఎక్కువవుతుంది.

మామూలు మేడ అయితే ఈ గీతలను మళ్లీ నిలబెట్టడంతో పని అయిపోతుంది. గోపురం అలాంటిది కాదు. 1807–1809 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన ఈ 11 అంతస్తుల గోపురం 153 అడుగుల ఎత్తున, 49 అడుగుల వెడల్పున, అంతస్తు అంతస్తుకూ సన్నబడుతూ పైకి పోతుంది. అంటే మీ ఫొటోలో రెండు వాలులున్నాయి: ఒకటి స్థపతి కావాలని తీర్చినది, రెండోది మీరు ఫోను ఎత్తడం వల్ల వచ్చినది. మీరు తీసివేయవలసింది రెండోదాన్ని మాత్రమే. యాప్‌కు ఈ తేడా తెలియదు. ఫొటోలో అన్నిటికన్నా పొడుగ్గా, స్పష్టంగా ఉన్న గీతలు గోపురం అంచులే కాబట్టి, అవే నిలువు గోడలనుకుని వాటిని నిటారుగా చేసేసింది. మీ ఇళ్లు బయటికి ఒరగడమే ఇందుకు సాక్ష్యం. సవరణ అవసరాన్ని మించిందని అవి చెబుతున్నాయి.

అందువల్ల ఆటోమేటిక్ సవరణను పక్కన పెట్టి, నిలువు గీతలను మీరే ఎంచుకోండి. గోపురం అడుగున ప్రవేశద్వారపు రెండు పక్కల రాతి నిలువులు, ఇళ్ల మూలలు, కిటికీల చట్రాలు నమ్మదగినవి. కరెంటు స్తంభాలను అంతగా నమ్మవద్దు, మన వీధుల్లో నిజంగానే ఒరిగినవి చాలా ఉంటాయి. గోపురం ఎదుటి నుంచి తీసిన ఫొటో అయితే ఇంకొక పరీక్ష కూడా ఉంది. ద్వారం నడిమధ్య నుంచి తూకపు గుండు దారం లాంటి ఒక నిలువు గీతను పైకి ఊహించుకోండి. అది కలశాల వరుస మధ్యకు చేరాలి. గోపురం అంచులు ఎంత వాలుగా ఉన్నా ఫరవాలేదు, కుడి ఎడమల వాలు మాత్రం ఒకే తీరుగా ఉండాలి. ఈ గోపురం కట్టిన తరువాత ఒక పక్కకు ఒరిగిందని, కాంచీపురం శిల్పులు చెప్పినట్టు ఎదురుగా కోనేరు తవ్విస్తే నిటారుగా నిలిచిందని స్థానికంగా చెప్పుకునే కథ మీరూ వినే ఉంటారు. అంత శ్రద్ధగా నిలబెట్టారని చెప్పుకునే కట్టడాన్ని ఫొటోలో ఒరగనివ్వకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక వరుస. ఇప్పటికే సవరించిన ఫొటోను మళ్లీ సవరించకుండా, మొదట తీసిన అసలు ఫొటో నుంచే మొదలుపెట్టండి. లెన్సు వల్ల అంచుల దగ్గర గీతలు వంగి ఉంటే ముందు ఆ వంపు తీయాలి, ఎందుకంటే వంగిన గీతను ఎంత తిప్పినా నిలువు కాదు. తరువాత ఫొటో మొత్తాన్ని తిప్పి మట్టం చేయాలి. ఆ తరువాతే పర్‌స్పెక్టివ్ సవరణ, అంటే ఫోను ఎత్తడం వల్ల దగ్గరైన నిలువు గీతలను నిలబెట్టడం. ఫోనులో స్నాప్‌సీడ్ ఉంటే పర్‌స్పెక్టివ్ అన్న పరికరంలో నిలువు వాలును వేలితో నెమ్మదిగా మార్చుకోవచ్చు. కంప్యూటరులో లైట్‌రూమ్ ఉంటే గైడెడ్ పద్ధతిలో ఏవి నిలువు గీతలో మీరే గీసి చూపవచ్చు. మీ ఫొటోలాంటి దానికి నేను చెప్పేది ఈ గైడెడ్ పద్ధతే. డబ్బు ఖర్చు లేకుండా కావాలంటే గింప్, డార్క్‌టేబుల్ రెండూ ఈ పని చక్కగా చేస్తాయి.

గీతలు నూటికి నూరు పాళ్లు నిలువయ్యేదాకా లాగవద్దు. ఎత్తయిన కట్టడాన్ని కింది నుంచి చూసినప్పుడు పైన కొంచెం సన్నగా కనిపిస్తుందని మన కన్ను ముందే అనుకుంటుంది. ఆ కాస్తా తీసేస్తే గోపురం తలబరువుతో ముందుకు తూలుతున్నట్టుంటుంది. పదింట ఎనిమిది, తొమ్మిది పాళ్ల దగ్గర ఆగడం నా అలవాటు. ఇంకొక చిక్కు ఏమిటంటే, ఈ సవరణలో కట్టడం ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న పొందిక చెడి, పొట్టిగానో మరీ పొడుగ్గానో మారిపోవచ్చు. ఇక్కడ మీకు కొలతలు అక్కరకొస్తాయి. 153ను 49తో భాగిస్తే మూడుకు కాస్త ఎక్కువ వస్తుంది. ఎదుటి నుంచి తీసిన ఫొటోలో గోపురం ఎత్తు దాని అడుగు వెడల్పుకు ఇంచుమించు మూడింతలుండాలి; పైఅంతస్తులు వెనక్కి జరిగి ఉంటాయి కాబట్టి ఫొటోలో కొంచెం తక్కువ వచ్చినా తప్పు లేదు. తేడా బాగా ఎక్కువగా ఉంటే లైట్‌రూమ్‌లో ఎత్తు వెడల్పుల పొందికను మార్చే యాస్పెక్ట్ అన్న మీటతో సరిచేయండి.

కత్తిరింపు అన్నిటికన్నా చివరిది. నిలువు సవరణ చేసినప్పుడు ఫొటో పైభాగం వెడల్పై, కింది భాగం కుదించుకుపోయి, దిగువ మూలల్లో రెండు పక్కలా ఖాళీ ముక్కోణాలు ఏర్పడతాయి. వాటిని కత్తిరించక తప్పదు. సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీని తానే నింపుతానన్నా ఒప్పుకోవద్దు, అక్కడ లేని మెట్లనూ లేని మనుషులనూ అది తెచ్చి పెడుతుంది. ముందే కత్తిరించి తరువాత సవరిస్తే రెండుసార్లు నష్టపోతారు, మీ కలశాలు అంచుకు తగిలింది కూడా సవరణకు చోటు మిగలకపోవడం వల్లనే. కొండ విషయంలో మాత్రం జాగ్రత్త పడండి. ఏనుగు ఆకారమని చెప్పుకునే ఆ కొండ వాలు ఫొటో అంచుకు చేరే దాకా ఉంటేనే అడ్డంగా తీసినందుకు ప్రయోజనం. శిఖరం దగ్గర కోస్తే అది ఏదో మట్టిదిబ్బలా మిగులుతుంది. కొండకు రెండో పక్కన వైర్లు, బోర్డులు తప్ప ఏమీ లేకపోతే అక్కడ ధారాళంగా కోయండి, గోపురం ఫొటో నడుమ ఉండి తీరాలన్న నియమం ఏదీ లేదు.

ప్రింటులో కలశాలు తెగడానికి కారణం వేరు. ఫోను ఫొటో 4:3 కొలతలో ఉంటుంది, 12×18 ప్రింటు 3:2 కొలతలో ఉంటుంది. అడ్డంగా తీసిన ఫొటో ఎత్తులో తొమ్మిదో వంతు ఆ కాగితం మీద పట్టదు. 4000×3000 పిక్సెళ్ల ఫొటోలో సుమారు 333 వరుసలన్నమాట. మీరు ముందే కోయకపోతే ఆ వంతును పైనా కిందా చెరిసగం కోసేయడం సాధారణంగా జరిగే పని. మీరే 3:2కు కత్తిరించి, కోతంతా రోడ్డు వైపు నుంచి తీసుకుని, కలశాల పైన కొంత ఆకాశం ఉంచి ప్రింటుకు ఇవ్వండి.

మళ్లీ వెళ్లే వీలుంటే ఇంకా మంచి మార్గం ఉంది. ఫోను తల ఎత్తకుండా, గ్రిడ్ గీతలు పెట్టుకుని, నేలకు సరిగ్గా లంబంగా పట్టుకోండి. 24 మి.మీ.కు సమానమైన మామూలు లెన్సుతో అడ్డంగా తీస్తే 153 అడుగుల గోపురం మొత్తం పట్టడానికి 275 అడుగుల దూరం కావాలి, పైన కొంత ఆకాశం కావాలంటే 300 అనుకోండి. వీధిలో అంత దూరం దొరక్కపోతే 13 మి.మీ. అల్ట్రావైడ్ లెన్సుతో 165 అడుగుల నుంచి తీయవచ్చు. కాకపోతే అంచుల్లో ఉన్న మనుషులు సాగి కనిపిస్తారు. ఇలా తీసిన ఫొటోలో కింది సగం అంతా రోడ్డే ఉంటుంది. అది చూసి నిరాశపడవద్దు. 3:2 కోసం కోయవలసిన ఆ తొమ్మిదో వంతునూ, అవసరమైతే ఇంకొంతనూ అక్కడి నుంచే తీసేయవచ్చు. బెల్లోస్ (లెన్సుకూ వెనక భాగానికీ మధ్య మడతల తిత్తి) ఉన్న పాత కెమెరాల్లో లెన్సును పైకి జరిపి చేసేదీ, షిఫ్ట్ లెన్సులు చేసేదీ సరిగ్గా ఇదే. ఈ ఫొటోకు పర్‌స్పెక్టివ్ సవరణ దాదాపు అక్కరలేదు, పైభాగం సాగకపోవడం వల్ల బొమ్మల చెక్కడం కూడా మసకబారదు.

ప్రశ్న: ప్రకాశం బ్యారేజీని ఒక చివర నుంచి తీశాను. దూరానికి పోయేకొద్దీ గేట్లు చిన్నవై, పైగీత కిందికీ నీటిగీత పైకీ వాలుతున్నాయి. వీటిని కూడా సమాంతరం చేయాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చేయకండి. 1223.5 మీటర్ల పొడవూ 70 గేట్లూ ఉన్నాయని చూసేవారికి తెలియజేసేవి ఆ దగ్గరయ్యే గీతలే. వాటిని సమాంతరం చేస్తే ఆ దూరమంతా పోయి పక్కనున్న ప్రహరీగోడలా అయిపోతుంది. సవరించవలసింది స్తంభాల నిలువును మాత్రమే. మట్టం చూడడానికి అవతలి గట్టును ఆధారం చేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. గట్టు మీ నుంచి దూరంగా ఏటవాలుగా పోతుంటే, కెమెరా సరిగ్గా ఉన్నా ఫొటోలో ఆ గీత వాలుగానే వస్తుంది. దాన్ని అడ్డంగా తిప్పితే బ్యారేజీ స్తంభాలు ఒరుగుతాయి. ఫొటో నడిమికి దగ్గరగా ఉన్న ఒక స్తంభాన్ని ఎంచుకుని దాన్ని నిలువు చేయండి, గట్టును దాని వాలులోనే ఉండనివ్వండి.