క్రూజ్‌లో పల్లీల భయం

ప్రశ్న: మా ఆరేళ్ల బాబుకి పల్లీలు పడవు. డిసెంబరులో గాల్వెస్టన్ నుంచి మెక్సికోలోని కోజుమెల్‌కి క్రూజ్‌లో వెళ్తున్నాం. తిండి సంగతే టెన్షన్. ఏం చేయాలి?
– ఓ అమ్మ, డాలస్

జవాబు: బఫే జోలికి పోకండమ్మా, ఒకే గరిటె పది గిన్నెల్లో తిరుగుతుంది. బుకింగ్‌లో అలర్జీ రాయించి ఊరుకోకుండా, ఎక్కిన రోజే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌కి చెప్పండి, చాలా షిప్పుల్లో మర్నాటి మెనూ ముందు రాత్రే చూపించి, బాబుకి కావాల్సింది రాసుకుని విడిగా వండిస్తారు. ఎపిపెన్‌లు (అలర్జీ తీవ్రమైతే వెంటనే ఇచ్చే ఇంజెక్షన్లు) రెండూ చేతిసంచిలోనే. పోర్టర్‌కిచ్చిన సూట్‌కేసు గదికి చేరేసరికి సాయంత్రమైపోవచ్చు! ఇంజెక్షన్ ఇచ్చాక బాబు తేరుకున్నా సరే, షిప్పు డాక్టర్‌కి చూపించాల్సిందే. కోజుమెల్‌లో పల్లీని స్పానిష్‌లో ‘కకవాతే’ అంటారు, మోలే అనే గ్రేవీలో నూరి కలుపుతుంటారు, కంటికి కనబడదు. అన్నట్టు, ఇంటి నుంచి పట్టుకెళ్లే పొడుల్లో పల్లీలున్నాయేమో, అదీ చూసుకోండి.